మందు అందినా మాట అందని పశువైద్యం
(మా ప్రతినిధి)

గుంటూరు: తెల్లవారుజామున పాలు పితికి, గేదెలను పొలానికి తోలే వేళకు గాలికుంటు టీకాల బృందం ఊళ్లోకి వస్తుంది. కొందరు రైతులు గొడ్లను తెచ్చి రాటలకు కట్టివేస్తారు. మరికొందరు వెనుక దోవన కాలువగట్టుకు తోలివేస్తారు. “పోయినసారి సూది వేయించాక మూడు రోజులు పాలు తగ్గినయ్యండీ. మళ్లీ ఎవరు వేయించుకుంటారు?” అన్నది వారి ప్రశ్న. ఈ ప్రశ్నకు సమాధానం ఉన్నది. అది పశువుల డాక్టరుకు తెలుసు, సూది వేసే సహాయకునికీ తెలుసు. రైతుకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇది ఒక్క టీకాల విషయంలోనే జరుగుతున్నది కాదు. ఎదసూది వేయించినప్పుడు, పొదుగువాపుకు మందు వాడినప్పుడు, బీమా చేయించినప్పుడు, పశువు చనిపోయినప్పుడు కూడా ఇదే తంతు. ప్రభుత్వం డబ్బు పోసి కొన్న మందు ఊరిదాకా వస్తున్నది. దానితోపాటు రావలసిన నాలుగు మాటలు మండల కేంద్రంలోని ఆసుపత్రిలోనే ఆగిపోతున్నాయి. ఆ మాటలు అందకపోవడంవల్ల కలిగే నష్టాన్ని ఎవరూ లెక్క కట్టడంలేదు. కడితే అది చిన్న మొత్తమేమీ కాబోదు.

నేడు మంచి పాడిగేదె ఖరీదు లక్ష రూపాయలకు అటూ ఇటూగా ఉన్నది. సెంటు భూమి లేని కుటుంబానికీ, కౌలు మునిగిన రైతుకూ, భర్త పోయిన ఇల్లాలికీ ఇంటి బరువు మోసేది చావిట్లోని ఆ ఒకటి రెండు గేదెలే. పంట పోతే మరుసటి కారు మీద ఆశ పెట్టుకోవచ్చు. అప్పు తెచ్చి కొన్న గేదె పోతే ఆ అప్పు తీరేవరకు మరో గేదె రాదు. కనుక పశువైద్యునికీ పాడిరైతుకూ మధ్య మాటల కరవు మర్యాదలకు సంబంధించిన చిన్న విషయం కాదు. అది కుటుంబాల జీవనానికి సంబంధించిన విషయం.

మాటవల్లనే సాధించిన విజయం

పెద్దరోగం అనే మాట వింటే పాతతరం రైతులు నేటికీ ఉలిక్కిపడతారు. ఊళ్లకు ఊళ్లే గొడ్లు లేకుండా తుడిచిపెట్టిన ఆ రోగం మన దేశంలో చివరిసారిగా 1995లో కనిపించింది. 2006లో భారతదేశం, 2011లో ప్రపంచమంతా దాని నుంచి విముక్తమైనట్లు అంతర్జాతీయ సంస్థలు ప్రకటించాయి. ఈ విజయాన్ని టీకామందు ఒక్కటే సాధించలేదు. చివరి దశలో టీకాలు ఆపి, ఊరూరా తిరిగి, “ఇటువంటి లక్షణాలతో పశువు ఏదైనా జబ్బు పడిందా?” అని విచారించారు. రైతు చెప్పిన కబురు ఆసుపత్రికి, ఆసుపత్రి కబురు పై అధికారులకు చేరింది. కబురు రెండువైపులా నడిచినందువల్లనే రోగం దాగడానికి చోటు లేకపోయింది.

ఆ పాఠాన్ని ఇప్పుడు మరచిపోతున్నట్లు కనిపిస్తున్నది. కేంద్ర ప్రభుత్వం గాలికుంటు, ఈసుడు రోగాల నివారణకు 2019 సెప్టెంబరులో జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఐదేళ్లకుగాను దీనికి కేటాయించిన మొత్తం 13,343 కోట్ల రూపాయలు. ఇంత పెద్ద పథకం ఫలితం చివరకు గొడ్లచావిడి ముందు జరిగే ఐదు నిమిషాల సంభాషణ మీద ఆధారపడి ఉన్నదని గుర్తించవలసి ఉన్నది.

టీకా వేసేటప్పుడు చెప్పవలసినది

గాలికుంటు టీకా వేసిన తరువాత రెండు మూడు రోజులు కొన్ని పశువులకు కొద్దిపాటి జ్వరం రావచ్చు, పాలు కొంత తగ్గవచ్చు, సూది వేసిన చోట గడ్డ కట్టవచ్చు. ఇవి తాత్కాలికం. రోగమే వస్తే నోరు, గిట్టలు పుండ్లు పడి పశువు మేత మానివేస్తుంది. పాలు ఒక్కసారిగా పడిపోతాయి. ఆ ఈతలో తిరిగి మునుపటి మట్టానికి రాకపోవడం కద్దు. సంకరజాతి ఆవులు కోలుకున్నాక కూడా ఎండకు తాళలేక నెలల తరబడి ఒగరుస్తూ ఉంటాయి. చిన్న దూడలు గుండె దెబ్బతిని హఠాత్తుగా చనిపోతాయి. మూడు రోజుల పాల నష్టాన్నీ, ఒక ఈత నష్టాన్నీ పక్కపక్కన పెట్టి చెబితే లెక్క తెలియని రైతు ఎవరూ లేడు. చెప్పకపోతే మాత్రం అతనికి కనిపించేది తగ్గిన పాలే.

మరి రెండు విషయాలు కూడా చెప్పవలసి ఉన్నది. టీకా వేసిన మరునాటికే రక్షణ రాదు. అది ఒంటబట్టడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోగా రోగం వస్తే “టీకా వేసినా వచ్చింది, అది నీళ్లసూది” అని ఊరంతా పుకారు పుడుతుంది. అప్పటికే రోగం సోకి లోపల ఉన్న పశువును కూడా టీకా కాపాడలేదు. ఇక ఆ రక్షణ శాశ్వతం కాదు గనుక ఆరు నెలలకొకసారి వేయించాలి. నాలుగు నెలలు నిండిన దూడలకు మొదటిసారి వేసినప్పుడు నెల తరువాత మరో సూది అవసరం. నిండుచూడి పశువులకు వేయకుండా ఆపుతారు. ఈ సంగతి ముందుగా తెలియక, ఎప్పుడో ఈసుకుపోయిన గేదెను చూపించి టీకానే దోషిగా నిలబెట్టే వారున్నారు.

ఈసుడు రోగం టీకా సంగతి ఇంకొక రకం. అది నాలుగు నుంచి ఎనిమిది నెలల వయస్సుగల పెయ్యదూడలకు మాత్రమే, జీవితంలో ఒక్కసారి వేస్తారు. ఆ వయస్సు దాటితే అవకాశం పోయినట్లే. ఈ రోగం పాల ద్వారా, ఈసుకుపోయిన పిండాన్నీ మాయనూ చేతులతో తీయడం ద్వారా మనుషులకు కూడా సోకుతుంది. విడువని జ్వరాలతో, కీళ్లనొప్పులతో ఏళ్ల తరబడి బాధపడేవారిలో పశువుల దగ్గర పనిచేసేవారు ఉండడానికి ఇదొక కారణం. “మీ పెయ్యకు ఐదో నెల వచ్చిందా?” అన్న ఒక్క ప్రశ్న ఆ ఇంటిని ఈ బాధనుంచి తప్పించగలదు.

టీకాల బృందం వచ్చే తేదీనీ వేళనూ ముందురోజు సాయంత్రమే తెలియజేస్తే సగం సమస్య తీరుతుందని రైతులు అంటున్నారు. ఎనిమిది దాటాక వస్తే పశువులు పొలంలో ఉంటాయి. మనుషులు కూలికి వెళ్లిపోతారు. ఒకప్పుడు ఇటువంటి వాటికి డప్పు చాటింపు వేసేవారు. నేడు సెల్‌ఫోనులో వాట్సాప్ సందేశం పంపి చాటింపు అయిపోయిందనుకుంటున్నారు.

ఎదసూదికి వేళే ప్రాణం

జిల్లాలో పాడి పరిశ్రమకు కృత్రిమ గర్భధారణ ఆయువుపట్టు. అయితే ఎదసూది ఎప్పుడు వేయాలన్నది ఎంత ముఖ్యమో చాలామందికి సరిగా చెప్పినవారు లేరు. ఉదయం ఎద లక్షణాలు కనిపిస్తే ఆ సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మరునాటి ఉదయం సూది వేయించాలన్నది సాధారణ నియమం. రైతు ఉదయం చూసి, మధ్యాహ్నం చెప్పి, మరునాడు మధ్యాహ్నం తీసుకువెడితే వేళ మించిపోతుంది. తీసుకువెళ్లిన తరువాత “ఎప్పుడు చూశావయ్యా?” అని అడగకుండా సూది వేసి పంపితే తప్పు ఇద్దరిదీ అవుతుంది.

గేదెల విషయంలో ఇది మరీ కష్టం. గేదెలలో మూగ ఎద ఎక్కువ. అది ఆవులాగా అరవదు, తోటి గొడ్లమీద ఎక్కడం కూడా అంతగా ఉండదు. మాటిమాటికీ మూత్రం పోయడం, పాలు తగ్గించడం, మేత తగ్గించడం, తీగలు వేయడం వంటి గుర్తులను తెల్లవారుజామునా, రాత్రి పొద్దుపోయాకా గమనిస్తేగాని పట్టుకోలేము. వేసవిలో ఈ గుర్తులు ఇంకా తగ్గుతాయి. ఇవన్నీ డాక్టరుకు పాఠ్యపుస్తకంలోని విషయాలు. చావిట్లో గేదెను కనిపెట్టి ఉండే ఇల్లాలికి ఎవరో చెప్పవలసిన విషయాలు.

సూది వేసిన తరువాత ఇరవై ఒకటో రోజు ప్రాంతంలో మళ్లీ ఎదకు వస్తుందేమో చూడాలి. రాకపోతే రెండు మూడు నెలలకు చూడి పరీక్ష చేయించాలి. మళ్లీ రాలేదు గనుక చూడి నిలిచిందని నమ్మి ఆరేడు నెలలు మేపి, చివరకు వట్టిపోయిందని తెలుసుకున్న రైతులు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. ఒక ఎద తప్పితే 21 రోజులు పోయినట్లు. వట్టిగేదె మేపుకు రోజుకు 150 రూపాయలనుకున్నా ఒక ఎద తప్పినందుకు 3,150 రూపాయల నష్టం. మూడుసార్లు తప్పితే పదివేలకు చేరువ. ఈ నష్టం ఎవరి ఖాతాలోనూ రాయబడదు. “మా గేదె గొడ్డుపోయింది” అని రైతు సంతలో తక్కువ ధరకు అమ్మివేస్తాడు.

దీనికి మందు ఒక చిన్న కార్డు. సూది వేసిన తేదీ, వేళ, ఆబోతు నంబరు, మళ్లీ చూడవలసిన తేదీ, చూడి పరీక్ష తేదీ, ఈనవలసిన తేదీ అందులో ఉండాలి. ఆవుకు సుమారు 280 రోజులు, గేదెకు సుమారు 310 రోజులు లెక్క. ఈ వివరాలను చెవిపోగు నంబరు కింద కంప్యూటరులో ఎక్కిస్తున్నారు. మంచిదే. అయితే కంప్యూటరు పశువుకు మేత వేయదు. వేసే మనిషి చేతిలో ఒక కాగితం ముక్క ఉండాలి.

పాలు పోయడం ఆపమని ఎవరు చెబుతారు?

పొదుగువాపు వచ్చిన గేదెకు డాక్టరు పొదుగులోకి ట్యూబు మందు ఎక్కించి, కండకు సూది వేసి, చీటీ రాసి ఇస్తారు. ఆ మందు కొన్ని రోజులపాటు పాలలోకి దిగుతుంది. ఎన్ని రోజులు ఆ పాలు వాడకూడదన్నది మందునుబట్టి మారుతుంది. మందు పెట్టెమీద అది ముద్రించి ఉంటుంది గాని చిన్న ఇంగ్లీషు అక్షరాలలో ఉంటుంది. “నాలుగు రోజులు పాలకేంద్రంలో పోయవద్దు” అని చెబితే రైతు ముఖం చిన్నబుచ్చుకుంటాడని డాక్టరు ఊరుకుంటారు. డాక్టరు ఏమీ అనలేదు గనుక రైతు పోస్తాడు.

ఆ పాలకు పెరుగు సరిగా తోడుకోదు. ఊళ్లో ఈ సంగతి గమనించిన గృహిణులున్నారు గాని కారణం తెలిసినవారు తక్కువ. ఒకరి క్యాను కలిసినందువల్ల కేంద్రం పాలన్నీ చెడవచ్చు. అంతకంటె పెద్ద ప్రమాదం, ఇటువంటి మందు కొద్దికొద్దిగా ఒంట్లోకి పోతూ ఉంటే క్రిములు దానికి అలవాటు పడి, మనిషికి జబ్బు చేసినప్పుడు అదే మందు పనిచేయకుండా పోవడం. ఒకటి రెండు రోజులకే గేదె బాగున్నట్లు కనిపించిందని మందు మధ్యలో ఆపివేయడం వల్ల కూడా ఇదే అనర్థం. మిగిలిన సూదిమందును దాచి పక్కింటి గేదెకు వేయడం మరొక అలవాటు.

ప్రభుత్వాలు కొన్ని మందులను నిషేధించాయి కూడా. రాబందుల చావుకు కారణమైన డైక్లోఫినాక్‌ను పశువులకు వాడడాన్ని 2006లోనే నిషేధించారు. మనుషులకు ఆఖరి అస్త్రంగా దాచుకోవలసిన కొలిస్టిన్‌ను పశువులకూ కోళ్లకూ వాడడాన్ని 2019లో నిషేధించారు. ఈ నిషేధాల గురించి మందుల షాపుల ముందు ఒక బోర్డు అయినా ఉండవలసి ఉన్నది.

ప్రాణాల మీదకు వచ్చే మౌనం

పై నష్టాలన్నీ డబ్బుకు సంబంధించినవి. మనుషుల ప్రాణాలకు సంబంధించినవి రెండున్నాయి.

మొదటిది పిచ్చికుక్క కాటు. కుక్క కరిచిన పశువుకు వారాలు, ఒక్కొక్కసారి నెలల తరువాత గొంతు పడిపోయి, చొంగ కారుస్తూ, మేత మింగలేక గింజుకుంటుంది. గొంతులో కొబ్బరిచిప్పో, ముల్లో అడ్డం పడిందని ఇంటివారు నోట్లో చేయి పెట్టి వెతుకుతారు. ఆ చొంగలోనే రోగం ఉంటుంది. చేతి మీద చిన్న గీత ఉన్నా చాలు. పిచ్చి లక్షణాలు బయటపడ్డాక మనిషికైనా పశువుకైనా బ్రతుకు లేదు. కనుక చొంగ కార్చే పశువు నోట్లో చేయి పెట్టకూడదనీ, పెట్టినవారు వెంటనే సబ్బుతో పావుగంటసేపు కడుక్కుని ప్రభుత్వ ఆసుపత్రిలో టీకాలు వేయించుకోవాలనీ ప్రతి ఊరికీ తెలియాలి. అటువంటి పశువును చూసిన పశువైద్యుడు గేదె సంగతి చెప్పి వెళ్లిపోతే సరిపోదు. దానిని ఎవరెవరు ముట్టుకున్నారో విచారించి, వారిని ఆసుపత్రికి పంపించాలి.

రెండవది దొమ్మరోగం. నిన్న సాయంత్రం మేసిన పశువు తెల్లవారేసరికి చచ్చిపడి, ముక్కు, నోరు, వెనుక ద్వారాలనుంచి గడ్డకట్టని నల్లని రక్తం కారుతూ ఉంటే దానిని కోయకూడదు, తోలు తీయకూడదు, మాంసం పంచుకోకూడదు. ఈ క్రిమి గాలి తగిలితే గట్టి గుల్ల కట్టుకుని నేలలో ఏళ్ల తరబడి బ్రతుకుతుంది. లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చాలి. ముందుగా ఆసుపత్రికి కబురు చేయాలి. ఈ కబురు చేయడానికి ఊళ్లో వారు వెనుకాడుతున్నారంటే, చేస్తే ఏమి తంటా వస్తుందో అన్న భయమే కారణం. ఆ భయం పోగొట్టడం అధికారుల బాధ్యత.

కబురు ఆలస్యమైతే పుకారు ముందు వస్తుంది. 2022లో ముద్దచర్మ వ్యాధి ఉత్తరాది రాష్ట్రాలలో ఆవులను కబళించినప్పుడు పాలు తాగితే మనుషులకు సోకుతుందని ప్రచారం సాగింది. అది మనుషులకు సోకే రోగం కాదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లఫారాలలో బర్డ్‌ఫ్లూ బయటపడినప్పుడు కోడిమాంసం, గుడ్ల మీద అనుమానాలు వ్యాపించాయి. పూర్తిగా ఉడికించి తినవచ్చునన్న మాట పుకారు వెనుకనే వచ్చింది. ఊరికి నమ్మకమైన గొంతు ఒకటి ముందునుంచీ అలవాటై ఉంటే ఈ గందరగోళం ఇంతగా ఉండదు.

డాక్టర్ల మాట కూడా వినాలి

తప్పంతా పశువైద్యులమీద నెట్టడం న్యాయం కాదు. అయిదువేల పశువులకు ఒక పశువైద్యుడు ఉండాలని జాతీయ వ్యవసాయ కమిషను 1976లోనే సిఫారసు చేసింది. ఆచరణలో ఒక్కొక్క డాక్టరు తన మండలంతోపాటు పక్క ఆసుపత్రి అదనపు బాధ్యత కూడా చూడడం సర్వసాధారణం. ఒకవైపు వైద్యం, మరొకవైపు టీకాల లక్ష్యాలు, పథకాల జాబితాలు, కంప్యూటరు నమోదులు. మాట్లాడడానికి తీరిక ఎక్కడిదని వారు అడుగుతున్నారు.

రైతులు పూర్తి నిజం చెప్పరన్నది వారి రెండవ ఫిర్యాదు. ముందు నాటువైద్యం చేయించి, ఆపైన మందుల షాపులో అడిగి రెండు సూదులు వేయించి, అప్పటికీ లేవని గేదెను నాలుగో రోజున చూపిస్తారు. “ఇంతకుముందు ఏమైనా మందు వాడావా?” అంటే “లేదండీ, ఏమీ వాడలేదు” అంటారు. తిడతారన్న భయమే దీనికి కారణం. తిట్టే డాక్టరు దగ్గర రైతు అబద్ధం చెబుతాడు. అబద్ధం చెప్పిన రైతు గేదెకు తప్పు మందు పడుతుంది. ఉదాహరణకు ఈనిన గేదె పాలజ్వరంతో పడిపోయినప్పుడు కాల్షియం నరానికి నెమ్మదిగా ఎక్కించాలి. అప్పటికే ఎవరో ఎక్కించిన సంగతి దాచితే రెండవసారి ఎక్కించినప్పుడు గుండె ఆగిపోయే ప్రమాదం ఉన్నది.

అనుభవం లేనివారి వైద్యం గురించి చట్టం స్పష్టంగానే ఉన్నది. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం నమోదైన పశువైద్యులే వైద్యం చేయాలి. ఇతర సిబ్బంది వారి పర్యవేక్షణలో చిన్న సేవలు మాత్రమే చేయవచ్చు. కాని పిలవగానే వచ్చేవాడు, పక్కన కూర్చుని నాలుగు మాటలు చెప్పేవాడు ఎవరైతే రైతు వారివద్దకే పోతాడు. అర్హత లేనివారికి గిరాకీ ఉండడానికి వారి మందు కన్నా వారి పలకరింపే ఎక్కువ కారణమన్నది ఆలోచించదగిన విషయం.

ఖర్చు గురించి కూడా దాపరికం పనికిరాదు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఏ సేవ ఉచితం, దేనికి ఎంత రుసుము, ఏ మందు బయట కొనవలసి వస్తుందన్నది గోడమీద తెలుగులో రాసి ఉంటే అనుమానాలకు తావుండదు. అడ్డం తిరిగిన దూడను తీయవలసి వచ్చినప్పుడు తల్లి బ్రతికే అవకాశం ఎంత, ఖర్చు ఎంత, ఆలస్యమైతే ఏమవుతుందన్నది ముందే చెప్పి చేస్తే, తరువాత గేదె దక్కకపోయినా రైతు డాక్టరును నిందించడు. చెప్పకుండా చేస్తే దక్కినా అనుమానమే మిగులుతుంది.

కబురు ఎవరికి చేరుతున్నది?

రాష్ట్రంలో 2022 మే నుంచి 1962 నంబరుకు ఫోను చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు తిరుగుతున్నాయి. 2020లో రైతుభరోసా కేంద్రాలుగా మొదలై ఇప్పుడు రైతుసేవా కేంద్రాలుగా ఉన్నవాటిలో పశుసంవర్ధక సహాయకులున్నారు. సాధనాలకు లోటు లేదు. అయితే ఫోను చేసినప్పుడు ఏమి చెప్పాలో తెలియక చాలామంది తడబడుతున్నారు. ఊరు, వీధి గుర్తు, పశువు వయస్సు, చూడి అయితే ఎన్నో నెల, ఈని ఎన్నాళ్లు, ఎప్పటినుంచి మేత మానింది, పేడ, మూత్రం ఎట్లా ఉన్నాయి, పాలు ఎంత తగ్గాయి, ఇప్పటివరకు ఏ మందు వాడారు, ఇవి చెబితే వచ్చేవారు తగిన మందుతోనే వస్తారు.

ఇంకొక లోపం ఎవరి దృష్టికీ రావడంలేదు. రిజిస్టరులో పేరు, ఫోను నంబరు ఇంటి యజమానివి. గేదెకు మేత వేసేది, పాలు పితికేది, ఎద కనిపెట్టేది ఇల్లాలు. సందేశం యజమాని ఫోనుకు వస్తుంది. ఆయన పొలంలోనో, బజారులోనో ఉంటాడు, చూసినా ఇంట్లో చెప్పడం మరచిపోతాడు. పశువైద్య శిబిరంలో కుర్చీలలో కూర్చునేది మగవారు, పశువును పట్టుకుని నిలబడేది ఆడవారు. ఉపన్యాసం కుర్చీలవైపు తిరిగి సాగుతుంది. పొదుపు సంఘాల సమావేశాలలో నెలకొక పావుగంట పశువుల సంగతి చెబితే ఆ మాట నేరుగా చావిట్లోకి వెడుతుంది.

బీమా విషయంలో ఈ లోపం మరింత బాధాకరం. 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం పశుబీమా ప్రీమియంలో రైతు వాటాను 15 శాతానికి తగ్గిస్తూ నిర్ణయం తీసుకున్నది. కాని చెవిపోగు ఊడిపోతే వెంటనే తెలియజేసి కొత్తది వేయించుకోవాలనీ, పశువు చనిపోతే పూడ్చకముందే కబురు చేసి డాక్టరుచేత శవపరీక్ష చేయించాలనీ రైతుకు తెలిసేది పరిహారం తిరస్కరించిన తరువాతనే. ప్రీమియం కట్టించుకునేటప్పుడు తీసుకునే సంతకంతోపాటు ఈ రెండు మాటలు చెబితే ఎన్నో కుటుంబాలు బాగుపడతాయి.

రోగానికి ముందే మాట

అన్నింటికన్నా చవకైన వైద్యం ముందుగా చెప్పిన మాట. వర్షాలు లేక ఎండిన జొన్న చేనులోని పిలకలు మేస్తే పశువు నాము ఎక్కి నిమిషాలలో పడిపోతుంది. హైపో మందుకు విరుగుడు గుణం ఉన్నది గాని డాక్టరు చేరేలోపే ప్రాణం పోవచ్చు. “ఎండిన జొన్న పిలకల మీదకు గొడ్లను తోలవద్దు” అని ఆ కాలంలో ఒక్కరోజు మైకులో చెబితే ఆ అవసరమే రాదు. తొలకరికి ముందు గొంతువాపు, జబ్బవాపు టీకాలు, వర్షాలకు ముందు నట్టలమందు, ఇట్లా ప్రతి కారుకూ దాని కబురు ఉన్నది. పంచాంగం చూసి పనులు చేసుకునే ఊళ్లకు పశువుల పంచాంగం ఒకటి ఇవ్వడం కష్టం కాబోదు.

దీనికి కొత్త నిధులు పెద్దగా అవసరం లేదు. ఊరందరూ పొద్దునా సాయంత్రమూ తప్పక వచ్చే చోటు పాలకేంద్రం. అక్కడ ఒక నల్లబల్ల పెట్టి టీకాల తేదీ, డాక్టరు ఊళ్లోకి వచ్చే రోజు, ఆ నెల జాగ్రత్త రాయవచ్చు. ప్రతి చీటీమీద తెలుగులో మూడు సంగతులు ఉండాలని ఆదేశించవచ్చు: జబ్బు ఏమిటి, మందు ఎన్నాళ్లు, పాలు ఎన్నాళ్లు ఆపాలి. ఏ లక్షణం కనిపిస్తే వెంటనే మళ్లీ పిలవాలన్నది నోటితో చెప్పి, రైతుచేత తిరిగి చెప్పించుకోవచ్చు. కష్టమైన కేసు అయితే మరునాడు సహాయకునిచేత ఒక ఫోను చేయించవచ్చు. “మీ గేదె మేత మేసిందా?” అన్న ఆ ఒక్క ప్రశ్నతో ఆ కుటుంబం ఆసుపత్రి మీద పెట్టుకునే నమ్మకం వంద కరపత్రాలు పంచినా రాదు.

రైతుల వంతు కూడా ఉన్నది. వాడిన మందు దాచకుండా చెప్పాలి. చీటీలూ కార్డులూ చావిట్లో ఒక సంచిలో పెట్టి ఉంచాలి. జబ్బు చేసిన మొదటి రోజే కబురు చేయాలి. అర్థం కాకపోతే “మళ్లీ చెప్పండి డాక్టరుగారూ” అని అడగడానికి సిగ్గుపడకూడదు. గేదె తనకు ఎక్కడ నొప్పో చెప్పలేదు. దాని తరఫున మాట్లాడవలసింది యజమాని, విని సమాధానం చెప్పవలసింది వైద్యుడు.

మరుసటి విడత టీకాల బృందం ఊళ్లోకి వచ్చేముందు జిల్లా పశుసంవర్ధక శాఖాధికారులు ఎన్ని డోసులు పంపామన్న లెక్కతోపాటు, ఎన్ని ఊళ్లలో ముందురోజు కబురు చేశామన్న లెక్కను కూడా తీయవలసి ఉన్నది. ఆ రెండవ లెక్క సరిగా ఉన్న ఊళ్లో కాలువగట్టుకు తోలే గొడ్ల సంఖ్య దానంతట అదే తగ్గుతుంది.